పటము మూల గీత – టీకా తాత్పర్య సహితము

మూలము

పటము మూల గీత పలికిన దొక్కటి
పాదచారి కాలు పలుకు నొకటి
సంధ్య వేళ కెట్లు సత్రంబు చేరెనో
ఆట పెద్ద కెరుక, యంతె చాలు.

అవతారిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలగు కల్పిత లోకపు ఆటలయందు నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుందురు. వారిలో ఒకరు ఆట పెద్ద, అనగా డంజన్ మాస్టర్. తక్కినవారు కత్తివీరులు, మంత్రగాండ్రు, దొంగలు. బల్లపై పటము పరచబడును. "ఉత్తరపు దారిన పోవుచున్నాము, ఎన్నాళ్లు పట్టును?" అని ఒకడు అడుగును. ఆట పెద్ద పటము మూలనున్న స్కేలు గీతను చూచి, దారిని చూచి, అడిగినవాని మొగము చూచి, "మూడు రోజులు" అనును. ఆ మూడవ చూపునకు వ్యాఖ్యానము కావలసివచ్చినందున ఈ ఆటవెలది పుట్టినది. పద్యము నాది, టీకయు నాదే. ఆక్షేపించువానిని కూడ నేనే నియమించుకొంటిని. మూలములో లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి వ్రతము పట్టెను. నేను అందులో మొదటి సగము మాత్రమే పట్టితిని.

ప్రతిపదార్థము

పటము = కల్పిత లోకపు చిత్రము. 1974లో వెలువడిన తొలి ఆటకు అడవులకు, కొండలకు సొంత పటము లేదు. 'అవుట్‌డోర్ సర్వైవల్' అను వేరొక ఆట బల్లను (అవలాన్ హిల్ వారిది, 1972) తెచ్చుకొని వాడుకొనుడని అందు చెప్పిరి. ఆరు కోణముల గడి, అనగా హెక్స్, ఒక్కింటికి అయిదు మైళ్లు. 1980లో వచ్చిన గ్రేహాక్ లోకమునకు డార్లీన్ అను చిత్రకారిణి గీసిన పటము నేటికిని చూడముచ్చటగానుండును. అందు హెక్స్ ముప్పది మైళ్లు. గడి అంతే, దూరము ఆరింతలు.

మూల = కాగితపు చివర. ఓడ బొమ్మకు, దిక్సూచికి, సముద్ర రాక్షసునికి పోగా మిగిలిన చోటు.

గీత = స్కేలు. పలికినది = అంగుళమునకు ఇన్ని మైళ్లని చెప్పినది.

ఇచ్చట అంగుళమును గూర్చి కొంత ఆగవలసియున్నది. గ్యారీ గైగాక్స్ వ్రాసిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (1978, 1979) గ్రంథములలో నడక, విలుపాటు, మంత్రపు దూరము అన్నియు అంగుళములలోనే చెప్పబడినవి. ఆ అంగుళము నేలమాళిగలో పది అడుగులు. ఆరుబయట పది గజములు. అనగా గడప దాటినంతనే వీరుని బాణము మూడింతలు దూరము పోవును. మంత్రగాని నిప్పుల ఉండయు మూడింతలు దూరము పోయి పేలును. కాని పేలినప్పటి మంట చుట్టుకొలత మాత్రము లోపలను వెలుపలను ఒక్కటే. దూరము పెరుగును, మంట పెరుగదు. ఈ సంగతిని గ్రంథకర్త ప్రత్యేకముగ హెచ్చరించెను. ఎవరో ఒకడు ఒకే ఉండతో ఊరు తగులబెట్టియుండునని నా ఊహ.

దీనికి కారణము లేకపోలేదు. ఈ ఆట సీసపు సైనికుల యుద్ధక్రీడ కడుపున పుట్టినది. ఆ క్రీడకు 'చెయిన్‌మెయిల్' (1971) నిబంధన గ్రంథము. బల్లమీద అంగుళమన్నచో రణరంగమున పది గజములు. సైనికులు రణరంగము వీడి గుహలోనికి దిగిరి. అంగుళము వారి వెంట దిగి ఇరుకు చోటున కుంచించుకొన్నది. 1989 నాటి రెండవ కూర్పులో అంగుళములను తీసివేసి గజములు, అడుగులు తిన్నగా వ్రాసిరి. పదునొకండేండ్లు ఆలస్యమైనను మంచి పని.

పాదచారి కాలు = నడచువాని శక్తి. 1974 లెక్కకు కాలినడక దినమునకు మూడు హెక్సులు, అనగా పదునైదు మైళ్లు. 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ లెక్కకు గంటకు మూడు మైళ్ల చొప్పున ఎనిమిది గంటలలో ఇరువదినాలుగు మైళ్లు. తొందరపడినచో ముప్పది, నక్కి నడచినచో పదునెనిమిది. నలువది ఏండ్లలో నడక రోజుకు తొమ్మిది మైళ్లు పెరిగినది. వీపున మూటలు మాత్రము తగ్గలేదు.

పలుకు నొకటి = గీతకు విరుద్ధముగ పలుకును. సంధ్య వేళకు, సత్రంబు, చేరెనో = స్పష్టము. ఆట పెద్ద కెరుక = ఆయనకును ఎరుక లేదని వ్యంగ్యము.

తాత్పర్యము

పటము ప్రకారము చేరలేరు. కాలి ప్రకారము చేరలేరు. అయినను చేరిరి, కూడు తినిరి.

పాఠాంతరములు

ఒకే లోకమునకు పలు పటములున్నప్పుడు ఏది మూలము, ఏది ప్రక్షిప్తము అను చర్చ తప్పదు. ఇందుకు తగిన ఉదాహరణము ఫర్గాటెన్ రెల్మ్స్. కెనడా దేశస్థుడగు ఎడ్ గ్రీన్‌వుడ్ బాల్యముననే ఊహించుకొన్న ఈ లోకమును, ఆటను అప్పట్లో ప్రచురించుచుండిన టి.ఎస్.ఆర్. కంపెనీ 1987లో బూడిదరంగు పెట్టెలో పెట్టి అమ్మినది. అందలి పటములు రెండు కొలతలవి: అంగుళమునకు తొంబది మైళ్లు, అంగుళమునకు ముప్పది మైళ్లు. పైన పరచుకొనుటకు హెక్సులు అచ్చువేసిన పారదర్శకపు ప్లాస్టిక్ షీట్లు కూడ ఇచ్చిరి. షీటు జరిపినచో గడులు జరుగును గాని ఊళ్లు జరుగవు. ఇంత పద్ధతి మరల చూడలేదు. 1990లో కేరెన్ విన్ ఫాన్‌స్టాడ్ ఈ లోకమునకు అట్లాసు కూర్చెను. ఆమె భూగోళము చదివిన మనిషి. అంతకు ముందే టోల్కీన్ మిడిల్ ఎర్త్‌కు అట్లాసు (1981) కట్టినది. ఆ టోల్కీన్ పుస్తకములలోనే ఒక నది నుండి ముగ్గురు రాక్షసులున్న చోటికి మరుగుజ్జులు కొద్ది సేపటిలో చేరుదురు; మరియొక కథలో అదే దారి ఆరితేరిన వనచరునికి రోజుల తరబడి పట్టును. టోల్కీన్ 1960లో సరిదిద్దబోయి, సగములో విడిచిపెట్టెను. కావున పెద్దలకును ఈ దోషము కలదు.

2001లో, ఆటకు తరువాతి ప్రచురణకర్తలగు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు మూడవ కూర్పునకై పటము మరల గీయించిరి. ఖండమంతయు ఒక్క కాగితములో ఇమిడి, ఊరి పేర్లు చదువ వీలుకావలెనని కోరిక. అందుకై ఖాళీ నేలను కత్తిరించి, సముద్రములను ఇరికించి, రాజ్యములను దగ్గరకు జరిపిరి. వ్యాకరణములో దీనిని లోపమందురు. పాత నవలలలో నాయకుడు గుర్రములు మార్చి మార్చి పరుగెత్తిన దారి కొత్త పటమున చిక్కిపోయినది. నవలలు మాత్రము మార్చలేదు. 2008 నాటి కూర్పులో భూమియే మారెను. స్పెల్‌ప్లేగ్ అను మంత్ర విపత్తు వచ్చి చల్ట్ ద్వీపకల్పము ద్వీపమైనదని కథ చెప్పిరి. భూమి మారినందుకు ఉపాఖ్యానము కలదు. భూమి చిక్కినందుకు నేటికిని లేదు. ఇదే నా ప్రధానమైన ఫిర్యాదు. ఏ మంత్రగాడో నేలను మింగెనని ఒక్క వాక్యము వ్రాసియుండవలసినది.

ఆక్షేపణ: డ్రాగన్లు ఎగురు లోకములో మైళ్ల లెక్క యేల?

సమాధానము: డ్రాగన్ ఎగిరినను వీరునికి ఆకలియగును. 2014 నిబంధనకు మనిషికి దినమునకు పౌను తిండి. ఎండు తిండి పొట్లము రోజుకు అయిదు వెండి నాణెములు. ఇది చిన్న లెక్క. పెద్ద లెక్క మంత్రగానిది. రాత్రి ఎనిమిది గంటలు విశ్రమించినచో అతని మంత్రములన్నియు తిరిగి వచ్చును. ఒక్క పగటి దారిలో మూడు యుద్ధములు జరిగినచో మూడవదానికి అతడు వట్టి చేతులతో నిలుచును. అదే దారి మూడు రోజులదైనచో ప్రతి యుద్ధమునకు నిండు బలముతో వచ్చి, మొదటి క్షణమున ముగించి, కత్తివీరుని ఉత్త చేతుల కూర్చుండబెట్టును. శత్రువులు వారే, వీరులు వారే. గీత మారినందున గెలుపు మారెను. కావున స్కేలు చిత్రకారుని అలంకారము కాదు, ఆట నిబంధన.

విశేషము

సంకోచమునకు పరమావధి 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' (2016). రక్తపిశాచియగు ప్రభువు ఏలు బరోవియా లోయ పటములో హెక్స్ పావు మైలు మాత్రమే. మంచు కొండ, కోట, మూడు జనావాసములు, శతాబ్దముల శాపము, అన్నియు కలిసి ఒక మండలమంత. బాట చక్కగనుండి ఎవరును అడ్డుపడనిచో ఈ కొసనుండి ఆ కొసకు ఒక్క పగటిలో నడువవచ్చును. లోయ చుట్టు పొగమంచు కమ్మి ఎవరిని వెలుపలికి పోనీయదు. లేనిచో వీరులు మధ్యాహ్న భోజనమునకు పొరుగు రాజ్యమున తేలుదురు. అయినను ఈ గ్రంథము స్కేలు విషయమున అబద్ధమాడలేదు. చిన్నదని తెలిసి చిన్నదిగానే గీసిరి. 2001 పటముకన్న ఇది మేలు.

నిర్ణయము

ఫర్గాటెన్ రెల్మ్స్ వరకు 1987 పాఠమే గ్రాహ్యము. 2001 పాఠము గోడకు తగిలించుకొనుటకు బాగుండును. ఏ పటము వాడినను ఆట పెద్దలకు నా మనవి ఇది. ఆట మొదలు కాకముందే ప్రతి బాటమీద "రెండు పూటల నడక", "నాలుగు రోజులు, వానకాలమున ఆరు" అని పెన్సిలుతో వ్రాసి, అందరికిని చూపి, తరువాత మొగములు చూచి మార్చకుడు.