దీమపు కౌజు

నేను కౌజు పిట్టను. మగదాన్ని. చిలకలూరిపేట నుంచి మార్టూరు దాకా పరుచుకున్న నల్లరేగడి చేలగట్లే మా జాతి కాపురం. రేగుపొద కింద పుట్టిన నన్ను పిల్లప్పుడే ఎత్తుకొచ్చాడట మా వేటగాడు. చెదలు ఏరి తన వేళ్ళతోనే తినిపించి పెంచాడు. ఆ చెయ్యంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

చీకటి ఉండగానే నా బుట్టకు గుడ్డ కప్పి సైకిలుకు తగిలిస్తాడు. పత్తిచేలకూ మిరపతోటలకూ నడుమ బీడులో, సర్కారు తుమ్మ పక్కన దింపి చుట్టూ ఉరులొడ్డుతాడు. వెదురుపుల్లలకు కట్టిన నైలాను దారపు ఉచ్చులవి. సరిగ్గా కౌజు మెడ ఎత్తున నిలబడతాయి. గుడ్డ తీశాడంటే నాకు తెల్లారినట్టే. "కటీతర్, కటీతర్" అని గొంతెత్తుతాను.

నా కూతలో మోసం లేదు. ఈ నేల నాది అంటున్నాను, అంతే. కానీ ఆ నేలకు అప్పటికే ఓ ఇంటివాడుంటాడు, పెట్టతో జతకట్టి దాన్ని కాచుకుంటూ. తన హద్దులో పరాయి గొంతు వింటే ఊరుకోడు. ఎగిరి రాడు, చాళ్ళ వెంట పరుగెత్తుకొస్తాడు. గొంతు కింద నల్లగీత కనబడేలా మెడ నిక్కించి, కాలి ముల్లుతో నా బుట్టను తన్నబోయి ఉరిలో పడతాడు. వెనకే వచ్చిన పెట్టా ఒక్కోసారి చిక్కుతుంది. ఎండాకాలమైతే నేలమీది గుంటలో దాని గుడ్లు దిక్కులేనివైపోతాయి. పిరికివాడెవడూ నా దగ్గరికి రాడు. ఇల్లు కాచుకునేవాడే వస్తాడు, వాడే పోతాడు.

ఇలా పెంపుడు ప్రాణిని దీమంగా పెట్టి దాని జాతినే పట్టడం పాత విద్యే. కొమ్ములకు వల కట్టిన పెంపుడు జింకను అడవి జింకల మీదికి వదిలేవారని అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో రాశాడు. అడవి జింక కొమ్ములు కలిపి వలలో చిక్కేదట. కృష్ణజింకకు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువన్న గౌరవమైనా దక్కింది. రైతు చేలో పురుగులూ చెదలూ ఏరుకు తినే మా గురించి పట్టించుకునేవాళ్ళేరీ? మమ్మల్ని పట్టినా అమ్మినా నేరమని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. అయినా రోడ్డు పక్క హోటలాయన శనివారమే వచ్చి, "అన్నా, రేపటికి రెండు జతలైనా చూడు" అని చెప్పి పోతాడు. ఆ బేరం లేకుంటే మా వేటగాడు ఉచ్చులు ముడివేయడు.

ఈమధ్య నా పక్కన ఇంకో చిన్న బుట్ట పెట్టారు. అందులో ఓ పిల్లకౌజు ఉంది. నేను కూసినప్పుడల్లా వాడూ గొంతు సవరించుకుంటున్నాడు. కూయొద్దురా అని చెబుదామంటే, అదీ నేను కూసే చెప్పాలి.