వాయుదేవుల వారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ వాయుదేవుల వారి దివ్యసముఖానికి,

విషయం: ప్రిన్సెస్ జూలియానా అంతర్జాతీయ విమానాశ్రయం, సెయింట్ మార్టెన్ దీవి, కరీబియన్.

87 చదరపు కిలోమీటర్ల ఈ దీవిలో ఉత్తర భాగం ఫ్రాన్సుది, దక్షిణ భాగం నెదర్లాండ్స్ రాజ్యంలోది. దక్షిణాన 1942లో సైనిక అవసరాలకు వేసిన రన్‌వేకి, 1944లో అక్కడ దిగిన డచ్ యువరాణి పేరు పెట్టారు. కాగితాల మీద యాజమాన్యం ఎవరిదైనా పెత్తనం తమదే.

విమానం గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగానే లేవాలి. వ్యాపార పవనాల రూపంలో తమరు అక్కడ ఏడాదిలో చాలా రోజులు తూర్పు నుంచే వీస్తారు. కనుక విమానాలు పడమటి నుంచి, సముద్రం మీదుగా వస్తాయి. రన్‌వే పొడవు 2,300 మీటర్లే కాబట్టి చక్రాలు మొదట్లోనే నేలకు ఆనాలి. ఆ మొదలుకూ సముద్రానికీ నడుమ ఉన్నవి ఒక కంచె, ఇరుకు రోడ్డు, మాహో బీచ్ ఇసుక, అంతే. స్నానాలు చేసేవాళ్ల నెత్తి మీద చక్రాలు లెక్కపెట్టుకోగలిగేంత కిందుగా విమానం దాటిపోతుంది. పక్కనే ఉన్న బారులో, సినిమా హాలు ముందు ఆటల వేళల్లా, విమానాల రాకలు సర్ఫ్‌బోర్డు మీద రాసిపెడతారు. కేఎల్‌ఎమ్ విమాన సంస్థ వారి బోయింగ్ 747 వచ్చినన్నాళ్లూ అదే హీరో. 2016 అక్టోబరుతో ఆ ఆట ముగిసింది.

లేచేటప్పుడు తోక బీచ్ వైపు ఉంటుంది. ఎదురుగా కొండలు, పెద్ద విమానం లేవగానే కుడికి తిరగాలి. అందుకని ఇంజన్లను ముందే గట్టిగా రేపుతారు. ఆ వేడిగాలి కంచె దాటి టోపీలను, ఇసుకను, మనుషులను కూడా విసిరేస్తుంది. ప్రాణాలు పోతాయని చెప్పే హెచ్చరిక బోర్డు అక్కడే ఉంది. దాని పక్కనే ఫోటోలు దిగుతారు! 2017 జూలైలో ఒక న్యూజిలాండ్ మహిళ ఆ గాలికే బలయ్యారు.

అదే ఏడు సెప్టెంబరు 6న తమరే ఇర్మా తుపానై, అయిదో కేటగిరీ వేగంతో వచ్చి టెర్మినల్ పైకప్పు చీల్చేశారు. కొన్నాళ్లు ప్రయాణికులను గుడారాల్లోంచి పంపారు. పునర్నిర్మాణం 2024 దాకా సాగింది. నష్టం ఆ ఒక్క దీవితో ఆగదు. 400 మీటర్ల రన్‌వేతో నెట్టుకొచ్చే పొరుగు దీవి సాబాకు కూడా బయటి ప్రపంచానికి ప్రధాన దారి ఈ విమానాశ్రయమే.

కాబట్టి తూర్పుగాలిని యథాప్రకారం వీయనిచ్చి, తుపాను రూపాన్ని ఆ దీవికి దూరంగా ఉంచవలసిందని ప్రార్థన. ఇంజన్ల గాలి మాత్రం తమ ఆజ్ఞకు లోబడేది కాదు. దానికి విరుగుడు అక్కడికి వెళ్లే పర్యాటకుల చేతిలోనే ఉంది: కంచె పట్టుకుని నిలబడకండి.

చిత్తగించవలెను.