అద్దం లేచే క్షణం

నేను ఈ ఇంటికి రావడానికి కారణం ఒక చెయ్యి. ఏడో నెల పసిపాప కుడిచెయ్యి.

2019లో తెనాలిలో ఆ పాపకు అన్నప్రాసన చేశారు. దేవుడి గది ముందు పీట వేసి పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు, చిన్న కత్తి వరసగా పెట్టారు. పాప పాకుతూ పాకుతూ వెళ్లి పుస్తకం మీద చెయ్యి వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే తల్లి ఫోనులో ఫొటో తీసింది. తర్వాత చూసుకుంటే అందులో పుస్తకం ఉంది, పాప ముఖం ఉంది, చెయ్యి మాత్రం లేదు. చెయ్యి ఉండాల్సిన చోట పొగలాంటి తెల్లటి చార ఉంది.

ఆ తల్లి బళ్లో పాఠాలు చెబుతుంది. నేను టీచరమ్మ అనే అనుకుంటాను. "ఇంకో అన్నప్రాసన చేస్తామా ఏంటి" అని ఆవిడ రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడు నెలల తర్వాత చీటీ పాడుకుని, ఆ డబ్బుతో నన్ను తెచ్చుకుంది.

నా పేరు కానన్ 1500డి. 2018లో లోకంలోకి వచ్చాను. మా వంశం కథ కొంచెం పాతది. 1934లో టోక్యోలో మావాళ్లు చేసిన మొట్టమొదటి నమూనా కెమెరాకు 'క్వానన్' అని పేరు పెట్టారు. అది జపాన్‌లో బౌద్ధులు కొలిచే కరుణామూర్తి పేరు. మన దేశంలో ఆయనే అవలోకితేశ్వరుడు, అంటే లోకాన్ని దయతో చూసేవాడు. కృష్ణాతీరంలో బౌద్ధం విలసిల్లిన అమరావతికి తెనాలి ఎంతో దూరం లేదు. అందుకేనేమో, ఈ ఊరు నాకు పరాయిదనిపించలేదు.

నా లోపల వెలుగును పట్టే పలక ఒకటుంది. సెన్సర్ అంటారు. దాని వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, ఎత్తు 14.9. చిన్న తపాలా బిళ్లంత ఉంటుంది. ఆనాటి ఫోనులోది కందిబద్దంత. వాన ఒకటే అయినా గిన్నెలో పడేది వేరు, గంగాళంలో పడేది వేరు. మసక గదిలో ఆ చిన్న పలకకు వెలుగు చాలలేదు. చాలినంత పట్టుకునేదాకా అది కన్ను తెరిచే ఉంచింది. ఈలోగా పాప చెయ్యి కదిలిపోయింది. తప్పు ఫోనుదీ కాదు, తల్లిదీ కాదు. వెలుగు చాలలేదు, అంతే.

నా ముందు భాగంలో ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగు ఆ అద్దానికి తగిలి పైకి వెళ్లి, తీసేవాళ్ల కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం లేస్తుంది, తెర తెరుచుకుంటుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది. ఆ రెప్పపాటు తీసేవాళ్లకు అంతా చీకటి. ఫొటో పడే ఆ క్షణాన్ని వాళ్లు చూడలేరు. వాళ్ల బదులు నేను చూస్తాను. నేను పుట్టింది ఆ పని కోసమే.

నేను వచ్చినంత మాత్రాన ఇంట్లో కష్టం తీరలేదు. మొదట్లో టీచరమ్మ నన్ను ఆటో మోడ్‌లో పెట్టేది. సాయంత్రమైతే చాలు, నా నెత్తిమీది ఫ్లాష్ దానంతటదే లేచి ఫెళ్లున మెరిసేది. పాప ఉలిక్కిపడి ఏడ్చేది. దీపాల వెలుగులో తీసిన ఫొటోలో దీపమే వెలవెలబోయేది. వెనక గోడ మీద అందరి నీడలూ నల్లగా పడేవి. నాయనమ్మ ఒకరోజు ఇక ఊరుకోలేకపోయింది. "ఆ మెరుపు పసిదాని కళ్లల్లో కొట్టకే అమ్మాయ్. నీ ఫొటో కోసం దాన్ని ఏడిపిస్తావా?"

ఆ మాట నాకూ తగిలింది. దయగా చూసేవాడి పేరు పెట్టుకున్న వంశంలో పుట్టి, చంటిపిల్లను ఏడిపించడమా?

ఫ్లాష్ ఆపేశాక ట్యూబ్‌లైట్‌తో చిక్కొచ్చింది. పాత చోకు ట్యూబ్‌లైటు మన కంటికి నిలకడగా కనిపిస్తుంది కానీ, సెకనుకు వందసార్లు ఎక్కి తగ్గుతుంది. సెకనులో 250వ వంతు వేగంతో తీస్తే ఒక ఫొటో తెల్లగా, ఇంకోటి పచ్చగా, మరోటి సగం మసకగా వచ్చేది. వేగాన్ని వందో వంతుకు తగ్గిస్తే ఒక మినుకు పూర్తిగా పడుతుంది, రంగు కుదురుతుంది. టీచరమ్మ ఇది ఎవరో చెబితే నేర్చుకోలేదు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకున్నాక, రాత్రిళ్లు గోడ గడియారాన్నే వందసార్లు ఫొటో తీసి తేల్చుకుంది.

ఆ తర్వాత నాకు కొత్త కన్ను తెచ్చింది. అది 50 ఎంఎం లెన్సు, 1.8ది. తూకానికి 160 గ్రాములే. నాతో వచ్చిన పాత లెన్సును 50 దగ్గర పెడితే వెలుగు దూరే కంత తొమ్మిది మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు. దీనిది దాదాపు 28 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. లోపలికి వచ్చే వెలుగు తొమ్మిది రెట్లు పైనే. నా జీవితంలో అసలైన మలుపు అదే. ఇంట్లో ఉన్న వెలుగే నాకు చాలడం అప్పుడు మొదలైంది.

దానికీ కొన్ని పట్టింపులున్నాయి. కనుపాప మీద ఫోకస్ పెడితే చెవి మెత్తబడిపోతుంది. పాప బెత్తెడు ముందుకు కదిలితే ముక్కూ లేదు, కన్నూ లేదు. పైగా నా సెన్సర్ మీద ఈ లెన్సు చూపు ఇరుకు. పడగ్గదిలో మనిషి నిండుగా పట్టాలంటే టీచరమ్మ వెనక్కి జరిగి జరిగి బీరువాకు వీపు ఆనించాల్సి వచ్చేది. అక్కడే ఆవిడకు ఓ చోటు కుదిరింది. బీరువాకు ఆనుకుని, మోచేతులు పక్కటెముకలకు నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఎవరినీ ఇటు చూడమనలేదు, నవ్వమనలేదు. వాళ్ల పనిలో వాళ్లుంటే తన పనిలో తానుండేది.

అలా తీసిన ఒక ఉదయం నా లోపల ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. నాయనమ్మ కాళ్లు బారచాపి పాపను బోర్లా పడుకోబెట్టుకుంది. నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, చెంబుతో నీళ్లు పోసింది. ఒళ్లు తుడిచి, కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బోర్లించిన గంప మీద తువ్వాలు పరిచి పాపను పడుకోబెట్టింది. తూర్పు కిటికీలోంచి ఎండ పడుతోంది. సాంబ్రాణి పొగ ఆ ఎండలోకి వచ్చాకే కనిపిస్తోంది, దాటితే మాయమవుతోంది. పాప తడి జుట్టులో నాయనమ్మ ఐదు వేళ్లూ ఉన్నాయి. ఆ వేళ్ల ముడతల్లో సున్నిపిండి ఇంకా ఆరలేదు.

క్లిక్. అద్దం లేచి పడింది. ఎవరూ తల తిప్పలేదు.

ఆ రోజు తెలిసింది, ఒక ఇంటికి మంచి కెమెరా అంటే ఏమిటో. నాలో రెండు కోట్ల నలభై లక్షల చుక్కలున్నాయని కొట్లో గొప్పగా చెప్పారు. నిజమే. కానీ ఈ ఇంటికి పనికొచ్చింది ఆ లెక్క కాదు. నేను ఎవరినీ ఆగమననక్కర్లేదు. ఎవరి కళ్లల్లోనూ మెరుపు కొట్టనక్కర్లేదు. ఇంటిని ఇబ్బంది పెట్టకుండా ఇంటిని చూడగలను. డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన మేలు అదొక్కటే.

నన్ను బాగా చూసుకున్నారు. డెల్టా గాలిలో తేమ లెన్సుకు శత్రువు. బ్యాగులో పెట్టి మరిచిపోతే వానాకాలం వెళ్లేసరికి గాజు మీద సాలెగూడులా బూజు పడుతుంది. అందుకని మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య నాకు చోటిచ్చారు. నెలకు పన్నెండు ఫొటోలు ఏరి స్టూడియోలో కడిగించి ఆల్బంలో అంటించడం ఆ ఇంటి నియమం. ఇప్పుడు అద్దమే లేని కెమెరాలు వచ్చాయి. చప్పుడు లేకుండా తీస్తాయట, కన్ను చీకటి కాదట. మంచిదే. పసివాళ్లు నిద్ర లేవకుండా ఉంటారు. వాటికీ ఇలాంటి ఇల్లు దొరకాలని కోరుకుంటాను.

నేను తీసిన వేల ఫొటోల్లో నాకు ప్రాణమైనది మాత్రం టీచరమ్మ తీసింది కాదు.

పాపకు ఏడాది నిండాక ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఆల్బం ముందేసుకుని కూర్చుంది. పేజీలన్నీ తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పింది. "మనవరాలుంది, నేనున్నాను, మావాడున్నాడు. నా కోడలేదీ?" అని తనలో తానే అడిగింది. పక్క గదిలో దోమతెర కింద టీచరమ్మ పాపకు పాలిస్తూ అలాగే నిద్రపోయింది. పాప పిడికిట్లో తల్లి నల్లపూసలు ఉన్నాయి.

నాయనమ్మ డబ్బా మూత తీసింది. పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినట్టు నా కింద అరచెయ్యి పెట్టి ఎత్తింది. కోడలు కూర్చునే చోటే, బీరువాకు ఆనుకుని నిలబడింది. చెయ్యి వణుకుతోంది. ఊపిరి బిగబట్టింది. నొక్కింది. చప్పుడుకు టీచరమ్మ కళ్లు తెరిచింది.

"నొక్కగానే చీకటైపోయిందే అమ్మాయ్! పాడు చేశానా ఏంటి?"

"లేదత్తయ్యా," అంది టీచరమ్మ, పాప పిడికిట్లోంచి నల్లపూసలు విడిపించుకోకుండానే. "చీకటైందంటే పడినట్టే."