పడుకునే లోపల

రాప్తాడులో మే నెలంటే వాన కోసం ఆకాశం చూస్తూ విత్తనం శెనక్కాయలు ఒలిచే కాలం. ఎదురింటి అరుగు మీద అవ్వ చాట ముందేసుకుని కూర్చునుంది. బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు పక్కనే ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, రోవర్ల మాట వస్తే అతనికి ఆకలి కూడా గుర్తుండదు. సెలవులకొచ్చిన మేనల్లునికి చంద్రుని మీద తిరిగిన రోవరు ప్రజ్ఞాన్ ఫోటో చూపిద్దామని ఫోను తీస్తే అది కాస్తా హ్యాంగ్ అయింది. మెమరీ నిండిందట.

"రోవరుకు గూడా ఇట్లనే అయితే ఏం జేస్తారు మామా?"

2004 జనవరి 21న అట్లాగే అయింది. అంగారకుని మీద దిగి మూడు వారాలు కూడా కాకముందే స్పిరిట్ రోవరు తిన్నగా మాట్లాడటం మానేసింది. ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది, మళ్లీ ఆగుతోంది. రాత్రి నిద్ర కూడా పోకుండా బ్యాటరీ కరగదీసుకుంటోంది. దాని ఫ్లాష్ మెమరీ 256 మెగాబైట్లు. అందులో చోటు అయిపోలేదు, ఫైళ్ల సంఖ్య పెరిగిపోయింది. భూమి నుంచి వెళ్లిన దారి పొడుగునా పోగైన పాతవి కూడా అందులోనే ఉన్నాయి. లేచిన ప్రతిసారీ ఆ జాబితా అంతా ఎత్తుకోబోయి, కేటాయించిన ర్యామ్ చాలక కూలబడుతోంది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు ఫ్లాష్ జోలికి పోనీకుండా దాన్ని లేపారు. అక్కర్లేనివి తుడిచారు, ఆనక మెమరీని ఫార్మాట్ చేశారు. 90 రోజులకని పంపిన బండి 2010 దాకా పలికింది.

"దాని జత బండి ఆపర్చునిటీది ఇంకో కష్టం," అన్నాడు కొడుకు. పదేళ్లు తిరిగాక, 2014లో, దాని ఫ్లాష్ పాడవుతూ వచ్చింది. మిగిలింది ర్యామ్. కరెంటు తీస్తే అందులో ఏదీ నిలవదు. రాత్రిళ్లు నిద్రపోకుంటే బండికి గడవదు. అందుకని పగలు చూసిందంతా పడుకునే లోపలే పైన తిరిగే ఉపగ్రహానికి చెప్పేయాలి. చెప్పనిది తెల్లారేసరికి ఉండదు.

ఆ మతిమరుపు యంత్రాన్ని పారేయకుండా, 2018 జూన్‌లో దుమ్ము తుఫాను దాన్ని మూసేసేదాకా వింటూ వచ్చారే, వాళ్లంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అవ్వ చేతులు ఆగాయి. "పొద్దుగూకినాక, పడుకునే లోపల చెప్పాల్నా?"

"అవునమ్మా. పడుకుంటే పోతాది."

"పోతాది," అందామె తలూపుతూ. ఈ ఏడాది ఆమెకు మరుపు ఎక్కువైంది. అనంతపురంలో డాక్టరు మాత్రలు రాశాడు. "మనోళ్లు చంద్రుని మీదికి పంపినారే, అది?"

"అదీ అంతేనమ్మా. 2023 సెప్టెంబరు 2న పడుకునే ముందు, చూసిందంతా దాన్ని దించిన ల్యాండరు విక్రమ్‌కు చెప్పేసింది. విక్రమ్ మన భూమికి చేరేసింది. చెప్పి పడుకుంది, మళ్లా లేయలేదు."

మేనల్లుడు అప్పటికే ఫోను లాక్కుని సర్దుతున్నాడు. సినిమాలు తీసేశాడు, పెళ్లి వీడియోలు తీసేశాడు.

"మామా, ఇంగా కుప్పలుగా ఉండాయి. చిన్నచిన్నవే, లెక్కే ఎక్కువ. అన్నీ వాయిస్ మెసేజీలు. దినామూ రాత్రి ఎనిమిదికి ఒగటి. అవ్వ పంపినవే. నువ్వు ఒగటీ ఇన్నట్టు లేదే!"

కొడుకు ఫోను కోసం చెయ్యి చాచాడు. పిల్లోడు అవ్వ వైపు తిరిగాడు.

"ఏం జెప్పినావవ్వా వీటిల్లో?"

"నాకేం గుర్తు నాయనా, పడుకోని లేసినానే," అంది అవ్వ, చాటలో పొట్టు చెరుగుతూ. "తీసెయ్. పాపం, వాని ఫోను నిల్సిపోతాది."