సీలు వేసిన కవరు ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ కవరు బ్రిటన్‌ది, 1947 నాటిది. పైన ఒక ఆస్పత్రి పేరు, ఒక సంఖ్య, అంతే. లోపల ఓ చీటీ. చీటీ మీద ‘ఎస్’ ఉంటే రోగికి విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ‘సి’ ఉంటే విశ్రాంతి ఒక్కటే. ఈ కవరు కడుపులో దాచుకున్నది ‘సి’.

రోగులంతా పడుచువాళ్లు, రెండు ఊపిరితిత్తులకూ క్షయ పాకినవాళ్లు. 1943లో అమెరికాలో కనుక్కున్న ఆ మందు బ్రిటన్‌కు కొద్దిగానే అందింది. ఇంకా కొనడానికి డాలర్లు లేవు. ఎవరికివ్వాలి? డాక్టరుకే వదిలేస్తే మనసు ఊరుకోదు. తేరుకునేలా కనిపించే కుర్రాడికో, పసిబిడ్డ తల్లికో ఇస్తాడు. తర్వాత వాళ్లు బతికితే, బతికించింది మందా, ఒంట్లో మొదటినుంచీ ఉన్న సత్తువా అన్నది తేలదు. పైగా క్షయ కొందరిలో దానంతటదే నెమ్మదిస్తుంది.

అందుకే గణాంక శాస్త్రవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యలను బట్టి చీటీల వరుస నిర్ణయించారు. రోగిని చేర్చుకోవాలని వైద్యులు ఒప్పుకున్నాకే కవరు చింపేవారు. తర్వాతి కవర్లో ఏముందో వాళ్లకు తెలియదు. ఎక్స్‌రేలు చూసి తీర్పు చెప్పేవారికీ ఏ ఫిల్ము ఏ బృందానిదో చెప్పలేదు.

ఈ కవరును ఇప్పటికీ కలచివేసే సంగతి ఒకటుంది. ‘సి’ వచ్చినవాళ్లకు తాము పోలిక కోసం ఉన్నామని ఎవరూ చెప్పలేదు. నేడైతే రోగి అనుమతి లేకుండా అలా చేయనివ్వరు, చేయనివ్వకపోవడమే న్యాయం.

ఆరు నెలలకు లెక్క తేలింది. మందు అందిన 55 మందిలో నలుగురు, అందని 52 మందిలో 14 మంది చనిపోయారు. 1948 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ ఫలితాలు అచ్చువేసింది. అయిదేళ్లు గడిచేసరికి మాత్రం ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది: మందు అందినవారిలో 32 మరణాలు, అందనివారిలో 35. మందుకు లొంగని క్షయ క్రిములు పుట్టుకొచ్చాయి. ‘సి’ చీటీలవాళ్లే లేకపోతే ఆ మొదటి గెలుపు ఎంతో, తర్వాత చేజారింది ఎంతో కొలిచే దారే ఉండేది కాదు.

పాస్ అనే మరో మందుతో చేసిన పరీక్ష ఫలితాలు 1950లో వచ్చాయి. ఈసారి ఎవరినీ ఉత్త విశ్రాంతికి వదల్లేదు. పాస్ ఒక్కటే, స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే, రెండూ కలిపి అంటూ మూడు బృందాలు చేశారు. మొన్నటి కొత్త మందే ఇప్పుడు పోలికకు కొలత. రెండూ కలిపి వాడినవారిలో లొంగని క్రిములు చాలా తక్కువగా కనిపించాయి.