నూట యాభై ఏడు కాగితాలు

మా ఖోలీలో అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు లేవు, 43 కాగితాలున్నాయి. మూడేళ్ళ కిందట నేను అచ్చేయించినవి 200. తిరిగొచ్చినవి 43. మిగతా 157 ఏమయ్యాయో చాలాకాలం నాకు తెలియలేదు. తెలిశాక కూడా కొంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, నవ్వుకోండి.

ఆ ఏడాది ముంబయి కామాటిపురాలో మేమొక పండగ చేశాం. గణపతి మండపం వేసే చోటే పందిరి వేసి, హిజ్రాలు, గేలు, లెస్బియన్లు, ఏ పేరూ పెట్టుకోనివాళ్ళు అందరూ కలిసి ఆడి పాడిన ఒక్క సాయంత్రం. పోస్టరు మీద మాత్రం ‘ఎల్‌జీబీటీఐక్యూ కళా ఉత్సవం’ అని వేయించాను. ఆ మాటని తడబడకుండా పలకగలిగింది మా గల్లీ మొత్తంలో నేనూ, మా బాబాయి కొడుకూ ఇద్దరమే. నాకు బుద్ధి రావాల్సింది అక్కడే. రాలేదు.

ఈ పిచ్చి నాకు అంటుకున్నది మెరీన్ లైన్స్‌లోని లిబర్టీ టాకీసులో. శ్రీధర్ రంగాయన్ 2010లో మొదలుపెట్టిన ‘కశిష్’ సినిమా పండక్కి ఒకసారి వెళ్ళాను. మనలాంటి వాళ్ళ కథల్ని అంత పెద్ద తెర మీద, చీకట్లో, వందలమంది మధ్య కూర్చుని చూడటం అదే మొదలు. బయటికొచ్చి కటింగ్ చాయ్ తాగుతుంటే అనిపించింది, ఇది మా గల్లీలో ఎందుకు జరగకూడదని. 2008 ఆగస్టు 16న ‘క్వియర్ ఆజాదీ ముంబయి’ తొలి ఊరేగింపు బయల్దేరిన ఆగస్ట్ క్రాంతి మైదానం మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. అయినా ఆ ఊరేగింపు అటు చౌపాటీ వైపు పోయిందే తప్ప ఇటు మా వైపు తిరగలేదు. నేను తిప్పుతాను అనుకున్నాను. ‘నేను’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కామాటిపురా అనగానే బయటివాళ్ళ మొహంలో ఒక రకం నవ్వు పుడుతుంది. ఆ పేరు ఇచ్చింది మావాళ్ళేనని వాళ్ళకి తెలియదు. నిజాం రాజ్యం నుంచి వచ్చి, ఈ నగరానికి రాళ్ళు మోసి, గోడలు కట్టిన తెలుగు కూలీలు కామాటీలు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో చెప్పుకునే మూడు ‘బాయి’ల్లో మా తాతకి మధ్యది దక్కింది. ఈ గల్లీల్లోనే ఒక గదిలో బతుకమ్మ పేరుస్తుంటే పక్క గదిలో గిరాకీ కోసం పౌడరు రాసుకుంటుంటారు. ఆ పౌడరు రాసుకునేవాళ్ళలోనూ తెలుగువాళ్ళున్నారు. హిజ్రాల్లోనూ ఉన్నారు. వాళ్ళలో పెద్దామెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం.

ఇక ఆ కాగితాల సంగతి, అంటే ఫారం సంగతి. చదువుకున్నవాణ్ణి కదా, పండగ చేసి ఊరుకుంటే ఎలా, అభిప్రాయాలు సేకరించాలి. ప్రశ్నలు తయారుచేశాను. మా గల్లీలు పద్నాలుగు, నా ప్రశ్నలూ పద్నాలుగు. తెలుగులో ఉండాలని పట్టుబట్టి నేనే రాశాను. మొదటి ప్రశ్న ఇది: ‘ఈ ఉత్సవము తమ ఆకాంక్షలకు ఏ మేరకు అనుగుణముగా నున్నది?’ మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్న తెలుగంతా అక్కడ కక్కేశాను. పక్కన ఐదు చుక్కలు. కాగితం కూడా పల్చటిది కాదు, వంద జీఎస్సెమ్, చేత్తో పట్టుకుంటే శుభలేఖలా ఉంది.

నాలుగో ప్రశ్న నా గర్వకారణం. ‘తమ లింగ గుర్తింపు’ అని రాసి కింద తొమ్మిది గడులు గీశాను. పండగకి ముందు రోజు అమ్మ దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆమె పాన్ నములుతూ ఓపిగ్గా విన్నది.

“తొమ్మిది డబ్బాలున్నయ్ గదా బిడ్డా, గిండ్ల నేను ఏ డబ్బాల ఉన్న?”

“అది మీరే చెప్పాలమ్మా.”

“చిన్నప్పుడు ఒక డబ్బాల కెల్లి బయటపడ్డ. ఇగ మల్ల ఇంకో దాంట్ల కూసోమంటవా?”

నేను నవ్వాను. బాగా చమత్కారంగా మాట్లాడిందని డైరీలో రాసుకున్నాను కూడా. ఫారం మాత్రం మార్చలేదు.

పండగ ఆదివారం సాయంత్రం 6 గంటలకి పెట్టాను. లిబర్టీలో సినిమాలు చూసొచ్చినవాడికి సాయంత్రమే పండగ వేళ అనిపిస్తుంది. అంధేరి, బాంద్రా, పవై నుంచి స్నేహితులు వచ్చారు. కుర్చీలన్నీ నిండాయి. పందిరి పక్కన బోనాలకి, గణపతి నిమజ్జనానికి డప్పు కొట్టే మనవాళ్ళు చిన్న మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. తోలు కాగి బిగిస్తేగాని డప్పు పలకదు. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ మంటకి చూపిస్తున్నారు. మోగించడానికి సిద్ధం అన్నట్టు ఒక తాత తలూపాడు. అప్పుడు నేను మైకు అందుకున్నాను.

22 నిమిషాలు మాట్లాడాను. కామాటీల చరిత్రతో మొదలెట్టాను. 1873లో జ్యోతిబా ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన తెలుగు కాంట్రాక్టర్ల దగ్గరికి వచ్చాను. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు అని పేర్లు చదివాను. అక్కణ్ణుంచి 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను గుర్తిస్తూ ఇచ్చిన తీర్పు, 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలు పీకిన తీర్పు. అన్నీ నిజాలే, అన్నీ గొప్ప విషయాలే. కానీ నేను 2014లో ఉండగా వెనక డప్పులు చల్లారిపోతున్నాయని నాకు తెలియదు. ఎవరో కంగారుగా అటూ ఇటూ తిరగడం మాత్రం ఓరకంట చూశాను. నా ఉపన్యాసానికి కదిలిపోతున్నారనుకున్నాను.

చివరికి డప్పు మోగింది. ఖంగుమంది. ఆ మోతకి పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. ఒక కుర్రాడు భామాకలాపంలో సత్యభామ వేషం కట్టాడు. జడ తిప్పి ముందుకి వేసుకుంటే చప్పట్లు. రేవతి రాసిన హిజ్రా ఆత్మకథను తెలుగు చేసి 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్న పి. సత్యవతి గారి పుస్తకం నుంచి ఒకామె రెండు పేజీలు చదివింది. తర్వాత హిజ్రాలు ఇద్దరు వచ్చి పాత సినిమా పాటకి ఆడారు. ఇద్దరే. పదిమంది వస్తామన్నారు, మిగతావాళ్ళు రాలేదు. మాట మీద నిలబడరు అని మనసులో విసుక్కున్నాను.

మా డప్పు తాతకి ఫారం, పెన్సిలు ఇచ్చాను. కాగితం తీసుకుని చంకలో పెట్టుకుని, పెన్సిలు తిరిగిచ్చేసి మొదలెట్టాడు. “మా ఊళ్ళె బాగోతంల మొగోళ్ళే ఆడేషం కట్టేటోళ్ళురా. ఒకడుండె, ఏషం తీసినంక గుడ ఆడమనిషి లెక్కనే నడుస్తుండె. ఊరంతా వాని ఏషానికి దండం పెట్టేది, పొద్దుగాల వాన్నే రాళ్ళతోని కొట్టేది...” నేను గడియారం చూసుకుని అన్నాను: “తాతా, ఏడో ప్రశ్న ఒక్కటి చెప్పు చాలు. వసతులు ఎలా ఉన్నాయి?” తాత ఆగాడు. “మంచిగున్నయ్” అన్నాడు. నేను ఐదు చుక్కలు అనుకున్నాను. ఆ బాగోతం ఆడేవాడు ఏమయ్యాడో నేనిక ఎప్పటికీ వినలేకపోయాను. తర్వాత అడిగినా తాత ఆ కథ ఎత్తలేదు.

ఇంతవరకూ తెలివితక్కువతనం. ఇక చెప్పబోయేది తప్పు.

చాల్ గ్యాలరీలో బట్టలారేసే తీగలకి క్లిప్పులు పెట్టి ఫొటోలు వేలాడదీశాం. మా గల్లీ హిజ్రాలవే, ఇరవై దాకా. తీసేటప్పుడు అందరి దగ్గరా ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాం, ఆ విషయంలో నేను చాలా పద్ధతైనవాణ్ణి. ఆ సాయంత్రం ఒక ఫొటో వెనక్కి తిరిగి గోడవైపు చూస్తూ కనబడింది. గాలి అనుకుని తిప్పాను. కాసేపటికి మళ్ళీ గోడవైపు ఉంది. మళ్ళీ తిప్పాను. మూడోసారి గాలి ఎక్కువుందని రెండో క్లిప్పు కూడా పెట్టాను. ఆ రోజు సముద్రపు గాలి ఆకు కూడా కదపలేదు. ఉక్కపోతకి నా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. అది తెలిసి కూడా గాలి అనుకున్నాను.

రాత్రి ఇంటికొచ్చి లెక్కలు వేశాను. 43 ఫారాలు, సగటు 4.6 చుక్కలు. మా బాబాయి కొడుకు చదువుతుంటే నేను రాసుకున్నాను. అంత సంతోషం నా డిగ్రీ వచ్చినప్పుడు కూడా లేదు. చిరునామా గడి చూడాలని వారం దాకా తోచలేదు. 40 ఫారాలు అంధేరి, బాంద్రా, పవై, ఠాణేలవి. కామాటిపురావి మూడు. ఒకటి మా బాబాయి కొడుకుది. ఒకటి చాయ్ కొట్టు పిల్లాడిది. వాడు సూచనల గడిలో ‘64 కటింగ్, పైసలు బాకీ’ అని హిందీలో రాశాడు. మొత్తం కట్టలో పనికొచ్చే సూచన అదొక్కటే.

మూడోది నాది. అవును, నా పండక్కి నేనే ఐదు చుక్కలు వేసుకున్నాను. నాలుగో ప్రశ్న, అదే, నా గర్వకారణం, దాని కింద తొమ్మిది గడులూ ఖాళీగా వదిలేశాను. నా చేతిరాత మా బాబాయి కొడుకు గుర్తుపడతాడు కదా. ఊరందరినీ డబ్బాలో కూర్చోమన్నవాణ్ణి, నాకు మాత్రం తలుపు దగ్గర నిలబడటమే క్షేమం అనిపించింది.

నాకు చెప్పాల్సినవాళ్ళు ఫారం నింపలేదు. వాళ్ళని ఎక్కడ పట్టుకోవాలో కూడా నాకు తెలిసే ఉండాలి, పుట్టి పెరిగినవాణ్ణి. మా చాల్‌లో నల్లా తెల్లవారుజామున వస్తుంది. బిందెల వరసలో నిలబడితే ఎవరూ ఎవరినీ పొగడరు, ఆ వేళకి అంత ఓపిక ఎవరికీ ఉండదు. నేనూ ఒక బిందె పట్టుకుని నిలబడ్డాను. నెలరోజుల్లో నాకు దొరికిన అభిప్రాయాలు ఇవి. ఆదివారం సాయంత్రం ఆరంటే మాకు గిరాకీ వేళ, ఆడుకుంట కూసుంటె ఖోలీ కిరాయి నువ్వు కడతవా? కుర్చీలన్నీ బూట్లు వేసుకున్నోళ్ళకే పోయినయి, మేం యాడ కూసోవాలె? పోస్టర్ మీద ఏదో ఇంగిలీషు ఉంటే దవాఖానా క్యాంపు అనుకున్నం. రావాల్సిన ఎనిమిది మంది నాట్యగత్తెలు మాట తప్పలేదు. ఆ వేళకి రాలేమని ముందే చెప్పారట, నేను మైకు సెట్ గురించి ఫోన్లో ఉండి ఊఁ కొట్టానట.

ఫారం వచ్చినవాళ్ళనే అడుగుతుంది. ఎందుకు రాలేదో చెప్పగలిగేవాళ్ళు రానివాళ్ళు. ‘ఎట్లుంది?’ అని ఎదురుగా నిలబడి అడిగితే ‘మంచిగుంది’ అనడం మనవాళ్ళ మర్యాద, ‘తిన్నావా’ అంటే ‘తిన్న’ అన్నట్టే. ఆ మర్యాదకి నేను సగటు కట్టాను.

ఫొటో సంగతి చెప్పడానికి అమ్మే ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల నా మొహం చూడకుండా బిందె వైపు చూస్తూ చెప్పింది. “ఫొటో దిగుతనన్న, నిజమే. గీ గల్లీల ఏలాడదీస్తరని ఎవరు చెప్పిన్రు? మా ఊరోళ్ళు గీడికే వస్తరు పనికి. మా అన్న కొడుకు గుడ ఉన్నడు. నేను తిప్పుడు, నువ్వు మల్ల తిప్పుడు, నేను తిప్పుడు, నువ్వు మల్ల...” చెయ్యి గాల్లో అటూ ఇటూ తిప్పి చూపించింది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. మూడుసార్లు ఆమె నాకు అభిప్రాయం చెప్పింది, మూడుసార్లూ నేను దాన్ని తిప్పేశాను. దానికి నా పద్నాలుగు ప్రశ్నల్లో గడి లేదు. ఫొటోలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాను. ఆమెది ఇచ్చినప్పుడు తీసుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది, ఏమీ అనలేదు. క్షమించిందని నేను రాసుకోలేదు.

మరుసటి ఏడాది మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టుకున్నాం. పెట్టింది నేను కాదు, నల్లా దగ్గర తేల్చారు. చాపలు వేశాం. పోస్టరు మీద ‘మన ఆట పాట’ అని ఉంది. ఉపన్యాసం లేదు, చాయ్ డబ్బులు ముందే ఇచ్చేశాం.

ఆ రోజు డప్పులు కాచే చోట తాత పక్కన కూర్చుని గడ్డి అందిస్తూ మాటల్లో అడిగాను, పోయినేడు మంట అంత త్వరగా మళ్ళీ ఎలా అందుకుందని.

“నీ ఉపన్యాసానికి డప్పులు సల్లవడె. గడ్డి అయిపోయె. కుర్చీల కింద నీ కాయితాలుండె” అన్నాడు తాత, డప్పు వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటూ.

“అన్నీనా?”

“నూటేబై దాకా ఉంటయేమో. మస్తు మండినయ్. మంచి మందం కాయితం. యాడ కొన్నవ్?”

డప్పు ఖంగుమన్న మోత గుర్తొచ్చింది. ఆ కిటికీలు తెరుచుకోవడం గుర్తొచ్చింది.

“ఇంకా 43 ఉన్నాయి తాతా, తెమ్మంటావా?”

“రాసినయా, ఖాళీయా?”

“రాసినవే.”

“అయితె నువ్వే ఉంచుకో” అన్నాడు. “రాసిన కాయితం పొగొస్తది.”