చెరిగిపోతుందిలే అనుకున్నాను

జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. డీఎన్‌ఏ మీద మిథైల్ సమూహం అతుక్కోవడం, అంటే మిథైలేషన్, బోర్డు మీద గీసి చూపిస్తాను. అక్షరాలు మారవు, సైటోసిన్‌కు చిన్న రసాయనపు తొడుగు పడుతుంది, అంతే. పీ16 లాంటి జన్యువు మొదట్లో ఈ తొడుగులు దట్టంగా పడితే ఆ జన్యువు మూగబోతుంది. కణం అదుపు తప్పి విభజన చెందకుండా ఆపేవాటిలో అదొకటి. కొందరిలో క్యాన్సర్ రాకముందే, నోట్లో తెల్లమచ్చ ఉన్నప్పుడే ఈ మార్పు కనిపిస్తుంది. తల, మెడ క్యాన్సర్ రోగుల లాలాజలంలో ఈ గుర్తులు దొరుకుతాయని 2001లోనే పరిశోధకులు చూపించారు. బైసల్ఫైట్ కలిపితే తొడుగు లేని సైటోసిన్ యురాసిల్ అయిపోతుంది, తొడుగున్నది అలాగే ఉంటుంది. ఆ తేడా చదవడమే పరీక్ష.

ఇంత తెలిసీ అన్నం తినగానే వక్కపొడి బుగ్గన పెట్టేవాణ్ణి. పొగాకు లేదుగా అని ధైర్యం. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో చెప్పింది. అదీ చదివాను. కానీ పట్టుకున్నది మాత్రం నాకు పనికొచ్చే ముక్క: మిథైలేషన్ చెరగగలదు. ఎప్పుడు మానేస్తే అప్పుడు చెరుగుతుందిలే అనుకున్నాను. నా నోట్లో, నేను అనుకున్న రోజున చెరుగుతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆవకాయ ముద్దకు బుగ్గ భగ్గుమంటే కారం ఎక్కువేశావని మా ఆవిడ మీద కసిరాను. పానీపూరీ నోట పట్టకపోతే పెద్దవి చేస్తున్నాడనుకున్నాను. “ఏమండీ, లోపల తెల్లగా ఉంది, చూపించుకోండి” అని ఆమె టార్చి వేసి మరీ చెప్పింది. ఉమ్మితో చేసే పరీక్ష వస్తుంది, అప్పుడు చూద్దామన్నాను. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కంటితో నోరు పరీక్షించడం వల్లే పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు దాకా తగ్గాయని 2005లో తేలింది. మా ఆవిడ చేసిందీ ఆ పనే.

చివరికి డాక్టరు నా నోట్లో వేళ్లు నిలువుగా పెట్టి చూశారు. మూడు పట్టాల్సిన చోట రెండే పట్టాయి. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు గానీ కణాలు మారడం మొదలైంది. బుగ్గ లోపల పీచుకట్టిందనీ, అది మళ్లీ మునుపటిలా అవదనీ అన్నారు.

నన్ను ఎక్కువగా తొలిచేది అది కాదు. మా అటెండరు నాతోపాటే వక్కపొడి వేసుకునేవాడు. నిన్న మానేయమంటే, “మీరే కదా సార్, చెరిగిపోతుందన్నారు” అన్నాడు. సోమవారం అతన్ని వెంటబెట్టుకుని ఆ డాక్టరు దగ్గరికే వెళుతున్నాను.